మన కొండల్లోనే పెరిగే పేరీత



అమలాపురంలోనో, రాజోలులోనో ఏదో ఒక ఇంటి ముందు కుండీలో సైకస్ మొక్కను మీరు చూసే ఉంటారు. పొట్టి కొబ్బరిచెట్టులా ఉంటుంది. కాని కొబ్బరికీ దీనికీ దగ్గర చుట్టరికం లేదు. సైకస్ వివృతబీజ మొక్క. దీనికి పూలుండవు, కాయలుండవు. శంకువులూ, విత్తనాలే ఉంటాయి. రాక్షసబల్లుల కంటే ముందే పుట్టిన వంశం ఇది.

కుండీల్లో పెంచేది ఎక్కువగా జపాన్ జాతి. మన సొంత జాతి వేరే ఉంది. దాని పేరు పేరీత. 1883లో దానికి సైకస్ బెడ్డోమీ అని శాస్త్రనామం పెట్టారు. మణిపూర్‌లోని శిరుయ్ లిల్లీకి శిరుయ్ కొండలు ఎలాగో, పేరీతకు తిరుపతి, కడప ప్రాంతపు కొండలు అలాగ. ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదంలో ఉంది.

ఎందుకు? కొబ్బరిలో ఒకే పూగుత్తిలో మగపూలూ, ఆడపూలూ ఉంటాయి. పేరీతలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగ శంకువులోని పుప్పొడి ఆడచెట్టుకు చేరితేనే మొలకెత్తే విత్తనం తయారవుతుంది. మందు కోసమని ఆ మగ శంకువులనే కోసుకుపోతున్నారు. శంకువు పోయినా చెట్టు పచ్చగానే ఉంటుంది కనుక నష్టం కంటికి కనిపించదు. కాని విత్తనాలు తగ్గిపోతాయి. మొలిచిన కొద్ది మొక్కలకు కార్చిచ్చుల బెడద ఉండనే ఉంది.

"నర్సరీల్లో పెంచితే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. కడియం నర్సరీలు చూసిన మీకు ఆ ఆలోచన రావడం సహజమే. పెంచవలసిందే. కాని అదొక్కటే చాలదని నా అభిప్రాయం. మీ తోటల్లో అరటిని పిలకలతో పెంచుతారు కదా! పిలక ఎప్పుడూ తల్లిమొక్కకు నకలే. సైకస్‌లోనూ అంతే; మగచెట్టు పిలక మగచెట్టే అవుతుంది. కొండమీద విత్తనం నుంచి మొలిచిన మొక్క మాత్రం తల్లిదండ్రులిద్దరి లక్షణాలనూ కలుపుకుని పుడుతుంది. కరవునూ, తెగుళ్ళనూ తట్టుకునే శక్తి అలాంటి వైవిధ్యం నుంచే వస్తుంది.

పేరీత అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం నిషేధించింది. 2010లో శేషాచలం కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇవి మంచి పనులే. అయితే కొనేవాళ్ళు ఉన్నంతకాలం కోసేవాళ్ళూ ఉంటారు. మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు తిరుమల వెళతారు. ఎవరైనా పేరీత శంకువును మందని అమ్మజూపితే కొనకండి. ఎందుకు కొనకూడదో మీ ఇంట్లో పెద్దలకు కూడా చెప్పండి.