గట్టు మీదే లెక్క తేలాలి

పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగు గుండా మంజీరకు చేరిన చరిత్ర అందరికీ తెలిసినదే. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు 2007లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. వాగుకు అర కిలోమీటరు లోపల ఏయే సర్వే నంబర్లున్నాయో విస్తరణాధికారి పొలం గట్టునే చెప్పగలగాలి. సిగ్నల్ అందని చోట సర్వర్‌ను నమ్ముకుంటే అది సాధ్యం కాదు.

ప్రాదేశిక దత్తాంశాలను ఒకే ఫైలులో నిక్షిప్తం చేసే స్పేషియలైట్ సి భాషలో రూపొందిన లైబ్రరీ. దీనిని వెబ్‌అసెంబ్లీలోకి మార్చితే ఫోను బ్రౌజరులోనే నడుస్తుంది. రైతు భూసార ఫలితాలు ఫోను దాటి పోనవసరం లేదు. అయితే దానితోపాటు జ్యామితి గణించే జియోస్, అక్షాంశ రేఖాంశాలను మీటర్లలోకి మార్చే ప్రోజ్ కూడా రావాలి. డౌన్‌లోడ్ పరిమాణం తగ్గించడానికి ప్రోజ్‌ను విడిచిపెట్టడం ఈ జిల్లాకు తగదు. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం సంగారెడ్డి జిల్లాను చీలుస్తున్నది. జహీరాబాద్ యు.టి.ఎం. 43వ జోన్‌లోను, పటాన్‌చెరు 44వ జోన్‌లోను ఉన్నాయి. జోన్ సంఖ్య తారుమారైతే జహీరాబాద్ చెరకు తోట విశాఖ తీరం దాటి సముద్రంలో తేలుతుంది! నవ్వు పుట్టించే ఈ తప్పు వెంటనే పట్టుబడుతుంది; పాత నక్షాలోని గట్టు తప్పును మాత్రం ఏ లైబ్రరీ పట్టలేదు. దానికి గొలుసు పట్టుకొని పొలంలో నడవవలసినదే.

విశ్వవిద్యాలయాలు భూసార పరీక్షల పట్టికలను ముద్రిత నివేదికలలో బంధించక, నమూనా తీసిన స్థానంతో సహా ఫైలుగా విడుదల చేయడం తొలి పని. రైతు పేరు అందులో ఉండనక్కరలేదు.