ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ఆట గొప్పదే, గడియారమే అన్యాయం

"మా రోజుల్లో ఆటలంటే ఆటలండీ, ఇప్పటి పిల్లలకి ఓపికేదీ?" అనే డైలాగు మా ఆఫీసు క్యాంటీన్లో వారానికొకసారైనా వినబడుతుంది. సాక్ష్యానికి ఎప్పుడూ పిలిచేది ప్రిన్స్ ఆఫ్ పర్షియానే. సరే, ఆ సాక్షినే ఓసారి బోనెక్కిద్దామని ఈ మధ్య రెండు వారాంతాలు కూర్చుని, డాస్‌బాక్సులో పన్నెండు లెవెళ్లూ ఆడాను. సాక్ష్యం వాళ్లకి అనుకూలంగా లేదు. పూర్తిగా వ్యతిరేకంగానూ లేదు, అదే చిక్కు.

ముందు మంచి చెప్పుకుందాం. 1989లో యాపిల్-2 మీద వచ్చిన ఈ ఆటని జోర్డాన్ మెక్నర్ 6502 అసెంబ్లీలో రాశాడు. తమ్ముణ్ణి పరిగెత్తించి, గెంతించి, వీడియో తీసి, ఆ ఫ్రేముల్లోంచి బొమ్మలు తయారుచేశాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా ఆధారం. అంచు పట్టుకుని వేలాడుతుంటే మన భుజాలు లాగినట్టుంటుందే, అదంతా అలా వచ్చిందే.

ఇంకో ముచ్చట. ఆటలో శత్రువుకి కొత్త బొమ్మలు పెడదామంటే మెమరీలో చోటు లేదు. అప్పుడు రాకుమారుడి ఫ్రేముల్నే ఒక్క బిట్ పక్కకి జరిపి, వాటితోనే ఎక్స్-ఆర్ చేస్తే మిలమిల్లాడే నీడ మనిషి పుట్టాడు. నాలుగో లెవెల్లో అద్దంలోంచి బయటికొస్తాడు, ఐదులో మన సీసా తాగేస్తాడు, పన్నెండులో కత్తి దించితే గానీ మనలో కలవడు. చోటు లేకపోవడం కథగా మారిపోయింది! రోజూ ర్యామ్ చాలట్లేదని ఏడ్చే మనలాంటివాళ్లు దండం పెట్టాల్సిన పని.

ఇక రెండోవైపు. మా మేనల్లుడి చేతికిచ్చాను. పది నిమిషాల్లో వాడడిగింది: "మావయ్యా, వీడు నేను చెప్పిన మాట వినట్లేదేంటి?" నిజమే. మీట నొక్కినా, మొదలెట్టిన అడుగు పూర్తయితే గానీ రాకుమారుడు తిరగడు. ఇవాళ ఏ టెస్టరైనా దీన్ని బగ్గుల లిస్టులో ఎక్కించేస్తాడు. కానీ నేను ఈ విషయంలో ఆట పక్షమే. ఆ ఆలస్యం లేకపోతే ఒంటికి బరువుండదు, గెంతుకి భయముండదు.

నా తగాదా అంతా ఆ అరవై నిమిషాల గడియారంతోనే. చస్తే లెవెల్ మళ్లీ మొదటికొస్తుంది, గడియారం మాత్రం రాదు. తలుపు ఎక్కడుందో, మేకులు ఎక్కడ లేస్తాయో చస్తే గానీ తెలియని ఆటలో, చచ్చిన ప్రతిసారీ టైము కోయడమేమిటి? నేర్చుకున్నందుకు జరిమానా అన్నమాట. పోనీ సేవ్ చేసుకుందామంటే, మిగిలిన టైము కూడా దాంతోపాటే సేవవుతుంది. ఏడో లెవెల్లో పది నిమిషాలు మిగిలాయంటే మీరు ఓడిపోయినట్టే, ఆ సంగతి ఆట మీకు చెప్పదు. నీడ మనిషి ఇరుకులోంచి పుట్టిన తెలివి. ఇది, నా ఉద్దేశంలో, చిన్న ఆటని పెద్దది చేసే పిసినారితనం. రెండిటినీ ఒకే గాటన కట్టి "ఆ రోజుల గొప్పతనం" అనడం నాకు మింగుడుపడదు.

అన్నట్టు, ఆ పాత ఓపిక సంగతి కూడా తేల్చేద్దాం. కంప్యూటర్ ల్యాబుల్లో ఆట కన్నా ముందు చేతులు మారింది "ప్రిన్స్ మెగాహిట్" అనే మంత్రం. అంత ఓపికే ఉంటే ఆ మంత్రం అందరికీ కంఠతా ఎందుకొచ్చింది? ఓపిక కాదండీ, వేరే ఆట లేదు, అంతే :)

అయినా ఒక్క విషయంలో ఇప్పటి ఆటలకన్నా దీనికే నా ఓటు. ఇది అయిపోతుంది. జాఫర్ చస్తాడు, గది తలుపు తెరుచుకుంటుంది, శుభం. రేపు మళ్లీ వస్తే నాణేలిస్తాననదు, కార్డు నంబరు అడగదు. ముగింపు లేని ఆటలు పిల్లల సాయంత్రాల్ని మింగేస్తుంటే వాటి సంగతి వదిలేసి, వాళ్లకి ఓపిక లేదని తిట్టడం ఏం న్యాయం?

కాబట్టి పెద్దలారా, మీ పిల్లలకి ఈ ఆట తప్పకుండా చూపించండి, ఉపన్యాసం లేకుండా. మెగాహిట్ మంత్రం వేసి, టైము తగ్గినప్పుడల్లా ప్లస్ మీట నొక్కమనండి, గడియారం వెనక్కి తగ్గుతుంది. అది దొంగతనమేమీ కాదు. ఆ మీట పెట్టింది ఆట రాసినవాళ్లే. వాళ్లకి కూడా గంట చాల్లేదు కాబోలు.