కుక్కపిల్లకు తాయిలం

ఈ ఏడాది ఏడో తరగతి పిల్లలకు ‘మా ఇంటి నేస్తం’ అనే అంశం మీద వ్యాసం రాయమన్నాను. ఒక అమ్మాయి తన కుక్కపిల్ల గురించి చక్కగా రాసుకొచ్చి, చివర్లో చిన్న ఫిర్యాదు జోడించింది. “మా రాకీకి గ్రెయిన్ ఫ్రీ బిస్కెట్లు కొనమంటే నాన్న ప్యాకెట్ ధర చూసి వెనక్కి పెట్టేశారు. మామూలు బిస్కెట్లు పెడితే దాని ఆరోగ్యం పాడవుతుందట. నాన్నకు దాని మీద ప్రేమ లేదు” అని.

వ్యాసానికి మార్కులు వేశాను కానీ ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ప్రేమను ప్యాకెట్ ధరతో కొలవడం ఆ పిల్లకు ఎవరు నేర్పారు? ధాన్యం లేకపోవడం అంత గొప్ప సంగతా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఆమెకు ఒక్కదానికే కాక, మీ అందరికీ చెప్పాలనిపించింది. ఎందుకంటే మనం బదిలీల మీద ఊళ్ళు తిరిగేవాళ్ళం. మన ఇళ్ళలో కుక్కను పెంచడం సొంత ఊళ్ళో పెంచడంలాంటిది కాదు.

ముందు ధాన్యం సంగతి చూద్దాం. కుక్కల కోసమే బిస్కెట్లు తయారుచేసి అమ్మడం 1860 ప్రాంతంలో లండన్‌లో మొదలైంది. మొదలుపెట్టిన వ్యాపారి పేరు జేమ్స్ స్ప్రాట్. ఆయన బిస్కెట్లలో ముఖ్యమైన సరుకు గోధుమే. ఆ తరువాత నూరేళ్ళకు పైగా కుక్కల బిస్కెట్ అంటే ధాన్యంతో చేసిందే. 2007లో అమెరికాలో పెద్ద కలకలం రేగింది. కుక్కల, పిల్లుల తిండిలో కలిపిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే రసాయనం కల్తీ జరిగినట్టు బయటపడింది. మూత్రపిండాలు చెడి ఎన్నో జంతువులు చనిపోయాయి. తప్పు కల్తీది, కానీ అనుమానం గోధుమ మీదికి కూడా పాకింది. ‘ధాన్యం లేనిది’ అని అట్ట మీద రాసిన తిండికి గిరాకీ పెరగడానికి ఈ భయమూ ఒక కారణం.

మరి కుక్క ధాన్యం అరిగించుకోలేదా? 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన తోడేలునూ కుక్కనూ పోల్చి చూసింది. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో చాలా ఎక్కువ ఉన్నాయని తేలింది. వేల ఏళ్ళుగా మనిషి గడప దగ్గర మన గంజీ, మన రొట్టే తిని బతికిన జంతువు దాని కడుపును కూడా మనకు తగ్గట్టు మార్చుకుంది. ఇంకో మాట. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక చేసింది. బఠాణీలు, పప్పులు, బంగాళాదుంపలు ప్రధానంగా ఉన్న తిండి, అందులోనూ ధాన్యం లేనివని అమ్మే తిండి, రోజూ తినే కొన్ని కుక్కల్లో గుండె కండరం బలహీనపడే జబ్బు కనిపిస్తోందని. ఆ తిండే కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు. కానీ ‘ధాన్యం లేదు’ అన్న రెండు మాటలు ఆరోగ్యానికి హామీ కావని మాత్రం తెలిసింది. కొన్ని కుక్కలకు గోధుమ పడకపోవచ్చు. అలాగే పాలు పడనివి, కోడిమాంసం పడనివి కూడా ఉంటాయి. ఏది పడదో పశువైద్యులు పరీక్షించి చెప్పాలి. అట్ట పెట్టె చెప్పకూడదు.

మనం ఉంటున్న సూరత్‌లోనే చూడండి. ఇక్కడి ఇళ్ళలో మొదటి రొట్టె ఆవుకు, చివరి రొట్టె కుక్కకు తీసిపెట్టే అలవాటు ఉంది. మెహసానా దగ్గర పంచోట్ అనే ఊళ్ళో అయితే కుక్కల కోసమే కేటాయించిన ట్రస్టు భూములున్నాయి. వాటి రాబడితో కుక్కలకు రొట్టెలు చేసిపెడతారు. మన వైపు చద్దన్నంలో మజ్జిగ కలిపి పెరట్లో పోసే నాయనమ్మలు, అమ్మమ్మలు మీకు తెలిసే ఉంటారు. వాళ్ళెవరూ కుక్కకు అన్యాయం చేయలేదు. అన్నం ఒక్కటే కుక్కకు చాలదు, గుడ్డో మాంసమో పెరుగో తోడు కావాలి. అంతే తప్ప ఉప్పూ కారం లేని అన్నమూ రొట్టే విషాలు కావు.

ఇంత చెప్పి, ధాన్యం లేని తాయిలం ఇంట్లో చేయమనే నేను చెప్పబోతున్నాను. ఎందుకంటే భోజనం వేరు, తాయిలం వేరు. కుక్క రోజంతా తినే తిండిలో తాయిలం 10 శాతం మించకూడదని పశువైద్యులు చెబుతారు. ఆ కాస్త తాయిలంలో మళ్ళీ రొట్టే ఎందుకు? భోజనంలో దొరకని రుచి ఒకటి ఇద్దాం. మనం తినే తీపి బిస్కెట్లో ఉండే మైదా, చక్కెర కుక్కకు అక్కరలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, మన చేత్తో చేసినదాంట్లో ఏముందో మనకు తెలుస్తుంది.

ధాన్యం లేని వంట ఈ ఊరికి కొత్త కాదు. ఏకాదశికీ శ్రావణ మాసానికీ ఇక్కడి అంగళ్ళలో ‘ఫరాళీ’ సరుకులు వస్తాయి కదా. ఉపవాసం నాడు బియ్యం, గోధుమ ముట్టనివాళ్ళు తినే రాజ్‌గిరా పిండి అందులో ఒకటి. అది మన తోటకూర జాతి మొక్క గింజ. వరి, గోధుమల కుటుంబం కాదు. అదే అంగట్లో దొరికే మోరయ్యో మాత్రం మన ఊదలే, అంటే ధాన్యమే. ఉపవాసానికి పనికొచ్చినవన్నీ ధాన్యం కానివి అనుకోకండి.

మొదటి తాయిలానికి ఒకటే సరుకు కావాలి, చిలగడదుంప. మీలో కొందరు గెనుసుగడ్డ అంటారు, కొందరు కందగడ్డ అంటారు, మన కూరగాయల బండి అన్న శక్కరియా అంటాడు. ఉత్తరాయణం రోజుల్లో ఉంధియు కోసం బజారు నిండా అవే. ఒక దుంప కడిగి, చెక్కు తీసి, అర సెంటీమీటరు మందాన ముక్కలు కోయండి. ఓవెన్ ఉంటే 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండున్నర, మూడు గంటలు ఉంచి, మధ్యలో ఒకసారి తిరగేయండి. ముక్క వంచితే తోలులా సాగాలి. ఓవెన్ లేకపోతే ముక్కల్ని ఆవిరి మీద ఉడికించి, మందపాటి పెనం మీద సన్న సెగన తడి ఆరేదాకా రెండు వైపులా కాల్చండి.

రెండోదానికి ఒక కప్పు ఉడికించి మెదిపిన చిలగడదుంప గానీ గుమ్మడి గానీ తీసుకోండి. ఒక గుడ్డు కొట్టి పోసి, ముద్ద అయ్యేదాకా రాజ్‌గిరా పిండి కలపండి. సుమారు కప్పు పడుతుంది. అప్పడంలా కాకుండా కాస్త మందంగా ఒత్తి, సీసా మూతతో బిళ్ళలు కోయండి. 175 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు కాలితే చాలు. పెనం మీదైతే మూతపెట్టి నెమ్మదిగా కాల్చాలి. గుడ్డు వంటకాలకు సూరత్ పేరుపడ్డ ఊరే కానీ, గుడ్డు గడప దాటని ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళకు మొదటి తాయిలం చాలు. పొయ్యి దగ్గర అమ్మగానీ నాన్నగానీ పక్కన ఉండాలి. పూర్తిగా చల్లారాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. కొత్త రుచి కదా, మొదటి రోజు ఒక్క ముక్కే పెట్టి కడుపుకు పడిందో లేదో చూడండి.

ఇందులో ఉప్పు, చక్కెర, బెల్లం, నెయ్యి ఏదీ వద్దు. మీకు చప్పగా ఉంటుంది, దానికి ఉండదు. ఇంకొన్ని అసలే పెట్టకూడనివి ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. కాబట్టి పచ్చి వెల్లుల్లి ఆకు దట్టించే సూరతీ ఉంధియు మిగిలింది కదా అని దాని గిన్నెలో వేయకండి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష ప్రాణం మీదికి తెస్తాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కూడా అంతే. చందనీ పడవో నాడు మనం ఇష్టంగా తినే ఘారీలో నెయ్యి, కోవా, చక్కెర ఎంత ఉంటాయో మీకు తెలుసు. ఆ కొవ్వు కుక్క క్లోమానికి వాపు తెప్పించగలదు. పండగ పూట దానికి ప్రేమతో పెట్టే ముక్కే దాన్ని ఆసుపత్రికి పంపుతుంది.

వీధి కుక్కలకు పెట్టాలనిపిస్తే పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళి, నేల మీద ఆకులో పెట్టి దూరంగా జరగండి. చేత్తో అందించవద్దు. తింటున్న కుక్క దగ్గరికి, పిల్లల తల్లి దగ్గరికి అసలు వెళ్ళవద్దు. ఎప్పుడైనా పన్ను గీరుకున్నా సరే, ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఇంట్లో చెప్పి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. తిడతారని దాచకండి.

ఇక రెండో ప్రశ్న, ప్రేమ సంగతి. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ఊళ్ళో, మా క్వార్టర్ల వరసలో నా విద్యార్థి కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళ కుక్కను ఆ అబ్బాయి కూనగా తెచ్చుకున్నాడు. రోజూ జేబులో బిస్కెట్లతో బడికి వచ్చేవాడు, ఇంటికి పోగానే దానికి పెట్టడానికి. బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. సామాను లారీ వచ్చింది. కుక్కను రైల్లో ఎలా తీసుకెళ్ళాలో ఎవరూ ముందుగా ఆలోచించలేదు. కొనుక్కొచ్చిన పెట్టెలోకి చివరి రోజు దాన్ని తోయబోతే బెదిరి కరవబోయింది. దాన్ని వదిలేసి వెళ్ళారు. కాలనీ గేటు దాకా లారీ వెంట పరిగెత్తి, తిరిగొచ్చి, తాళం వేసిన గడప ముందు పడుకుంది. మేము అన్నం పెట్టేవాళ్ళం. ఏ లారీ చప్పుడు వినబడినా తినడం ఆపి లేచి నిలబడేది. నెల తరువాత ఆ అబ్బాయి వాళ్ళ నాన్న ఫోన్ నుంచి నాకు సందేశం పంపాడు. “అది తింటోందా?” అని ఒక్కటే ప్రశ్న. తింటోంది అని జవాబిచ్చాను. అప్పటికి అది కనబడక వారం అయింది.

ఆ ఇంట్లో ప్రేమకు తక్కువ లేదు. బిస్కెట్లకూ తక్కువ లేదు. లోపించింది ముందుచూపు. అందుకే చెబుతున్నాను, మీరు చేసే తాయిలాన్ని పాఠం చెప్పడానికి వాడండి. ప్రయాణపు పెట్టె ఒకటి ముందే తెచ్చి, తలుపు తీసి, ఇంట్లో ఒక మూల పెట్టండి. అందులో గోరంత చిలగడదుంప ముక్క వేయండి. మొదటి రోజు తల పెడుతుంది, నాలుగు రోజులకు లోపలికి నడుస్తుంది. తరువాత తలుపు ఒక నిమిషం మూయండి, తీసి ఇంకో ముక్క ఇవ్వండి. రోజుకు కాస్త కాస్త పెంచండి. నెల తిరిగేసరికి అది దాని సొంత గదిలా పడుకుంటుంది. రైల్వే నిబంధనల ప్రకారం ఏసీ మొదటి తరగతిలో కూపే మొత్తం మీ పేర ఉంటే కుక్కను వెంట తీసుకెళ్ళవచ్చు. లేకపోతే గార్డు పెట్టెలో కుక్కల గూడు ఉంటుంది. టీకాల కాగితాలు, పశువైద్యుల ధ్రువపత్రం కావాలి. ఇవన్నీ ఉత్తర్వులు వచ్చాక రెండు రోజుల్లో జరిగే పనులు కావు. వచ్చే ఊళ్ళో కుక్కకు చోటుండదని అనిపిస్తే, కూనను తెచ్చుకోకముందే అనుకోవాలి.

తిక్కన తెనిగించిన భారతం చివర్లో మహాప్రస్థానిక పర్వం ఉంది. పెద్ద తరగతుల్లో మీరు చదువుకుంటారు. ధర్మరాజు రాజ్యం వదిలి నడిచాడు. దారిలో ద్రౌపదీ తమ్ముళ్ళూ పడిపోయారు. వెంట వచ్చిన కుక్క ఒక్కటే మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కను వదిలి ఎక్కమన్నాడు. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. అంతకన్నా పెద్ద బదిలీ ఎవరికైనా వచ్చిందా?

ఆ వ్యాసం రాసిన అమ్మాయికి ఒక మాట. మీ నాన్నగారు ప్యాకెట్ వెనక్కి పెట్టారని బాధపడకు. ఈ ఆదివారం ఆయన్నే బజారు నుంచి రెండు చిలగడదుంపలు తెమ్మను. ముక్కలు ఆయన కోస్తారు, నువ్వు కాల్చు. రాకీకి ఒక పెట్టె కూడా అడుగు. అట్ట పెట్టె అయినా సరే, లోపలికి నడవడం నేర్చుకోవడానికి సరిపోతుంది.