ట్రాక్టరుకు లక్షలు, షెడ్డు వైరింగుకు డ్రిప్ పైపు ముక్కలా?

రైతు సోదరులారా, ఈ పోస్టు కొందరికి కోపం తెప్పిస్తుంది. తెప్పించనీయండి.

లక్షలు పోసి ట్రాక్టరు కొంటాం. అది నిలబెట్టే షెడ్డుకు కరెంటు లాగాలంటే మాత్రం పొలంలో పీకేసిన పాత డ్రిప్ లేటరల్ వెతుకుతాం. "పైపే గదా, ఏదైతే ఏంది" అంటాం. ఏదైతే ఏంది కాదన్నా! డ్రిప్ లేటరల్ పాలిథిన్ సరుకు. అంటుకుంటే కొవ్వొత్తిలా కాలుతుంది, మండే చుక్కలు కిందికి రాలుస్తుంది. కింద ఏముంటాయి మన షెడ్లలో? వరిగడ్డి, గోనె సంచులు, డీజిల్ క్యాను. కరెంటు కోసమే చేసిన పీవీసీ పైపు అట్లా కాదు, మంట పక్కకు తీస్తే దానంతటదే ఆరిపోవాలి. బోరుకు మిగిలిన నీళ్ల పైపును చేసింది నీళ్ల ఒత్తిడి తట్టుకోవడానికి, దీనికి కాదు.

షాపులో "ముప్పావు పైపు ఇవ్వు" అని ఊరుకుంటే వేళ్లతో నొక్కినా సొట్టపడేది చేతిలో పెడతారు. పైపు మీద అచ్చు చదవండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 9537 పార్ట్ 3 అని ఉండాలి. లైటా, మీడియమా, హెవీనా అనేది కూడా చూడండి. గోడలో పూడ్చే పైపు సంగతి వేరు. షెడ్డులో గోడ మీద పైకి వేసేదానికి నేనైతే హెవీ తప్ప ఒప్పుకోను. ట్రాక్టరు వెనక్కి తీసేటప్పుడు కల్టివేటరు తగిలేది ఆ గోడకే గదా.

ఇనుప పైపు ఇంకా గట్టిది, ఎలుక కొరకలేదు, నిజమే. కానీ దానికి ఎర్తు కట్టకపోతే, లోపల వైరు తొడుగు ఊడిన రోజు పైపు పొడవునా కరెంటే. పైగా యూరియా, పొటాష్ బస్తాలు పెట్టే చోట తుప్పు పట్టక మానదు. ఎరువులు ఉండే షెడ్డుకు హెవీ పీవీసీయే మేలు. బెండ్లు, జాయింట్లు సొల్యూషన్ పెట్టి బిగించాలి, బాక్సులకు మూతలు ఉండాలి. సందు దొరికితే ఎలుక దూరుతుంది.

ఇంకో జబ్బు, ఒక్క పైపులోనే వైర్లన్నీ కుక్కడం. లోపలి జాగాలో 40 శాతం నిండితే చాలు. అంతకు మించితే వేడి బయటికి పోదు, లాగేటప్పుడే తొడుగు గీసుకుపోతుంది. "ప్లాస్టిక్ పైపుకు ఎర్తు ఎందుకు" అనే మేస్త్రీలు కూడా ఉన్నారు. ఎర్తు పైపుకు కాదయ్యా, చాఫ్ కట్టరు బాడీకి! పచ్చ వైరు ఆ పైపులోనే రావాలి.

"మా తాత కాలం నుంచి ఇట్లనే ఉంది" అంటారా? తాత కాలంలో షెడ్డుకు ఒక్క బల్బు. ఇప్పుడు చాఫ్ కట్టరు, స్ప్రేయరు చార్జింగు, వెల్డింగు మిషను, అన్నీ ఆ వైరు మీదే. గడ్డివాము కాలినాక పేపర్లో "షార్ట్ సర్క్యూట్" అని రాస్తారు, అదేదో పిడుగు పడినట్టు. ఆ పైపు కొన్నది మనమే, వేయించింది మనమే.

పత్తి డబ్బులు చేతికొచ్చే రోజులు. షెడ్డు పని పెట్టుకునేవాళ్లు సామాను పట్టీ మేస్త్రీకి వదిలేయకుండా మీరే షాపుకు వెళ్లండి. అచ్చు లేని పైపు ఇస్తే అక్కడే తిరిగి ఇచ్చేయండి.