టైమింగ్ పరీక్ష జరగని క్రిప్టో కోడ్‌ను రిలీజ్ చేయొద్దు
(బెంగళూరులోని తెలుగు ఇంజినీర్లకు విజ్ఞప్తి)

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో కోడ్ రాస్తున్న మిత్రులారా!

ప్రోగ్రామ్ సరైన జవాబు ఇచ్చి, టెస్టులన్నీ పాసయితే మనం మెర్జ్ నొక్కేస్తాం. మామూలు కోడ్‌కు అది చాలు. రహస్య కీని ముట్టుకునే కోడ్‌కు మాత్రం చాలదు. జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో బయటివాడు కొలవగలడు. ఆ సమయం కీని బట్టి మారుతుంటే, కొలిచిన ప్రతిసారీ కీలో కొంత వాడి చేతికి చిక్కుతున్నట్టే.

మనలో చాలామంది రోజూ రాసే కోడ్‌నే చూడండి. పేమెంట్ గేట్‌వే నుంచి మన సర్వర్‌కు ఒక సందేశం, దాంతోపాటు 32 బైట్ల సంతకం వస్తాయి. మనం లెక్కగట్టిన సంతకంతో దాన్ని మామూలు డబుల్ ఈక్వల్స్‌తో పోల్చేస్తాం. బైట్ తర్వాత బైట్‌గా సాగే పోలిక మొదటి తేడా కనిపించగానే ఆగిపోతుంది. అంటే మొదటి బైట్ సరిపోతే జవాబు రవ్వంత ఆలస్యంగా వస్తుంది, రెండోదీ సరిపోతే ఇంకాస్త ఆలస్యంగా. గుడ్డిగా ఊహించేవాడు 78 అంకెల సంఖ్యలో ఉన్న అవకాశాలన్నీ వెతకాలి. సమయం చూసేవాడు ఒక్కో బైట్‌కు 256 చొప్పున, మొత్తం 8,192 ఊహలతో గట్టెక్కుతాడు. ఒక్కో ఊహనూ వేలసార్లు పంపి సగటు తీయాల్సి వచ్చినా అది మనిషి చేయగల పనే. ఇలాంటి డైజెస్టులను పోల్చడానికే జావాలో పెట్టిన ఫంక్షన్‌లో ఇదే లోపం ఉంటే 2009లో సరిచేశారు.

సంగతి కొత్తదేమీ కాదు. 1996లోనే పాల్ కోచర్ ఆర్‌ఎస్‌ఏ వంటి పద్ధతుల కీలను సమయాన్ని కొలిచి రాబట్టవచ్చని చూపించాడు. 2003లో స్టాన్‌ఫోర్డ్‌లో బ్రమ్లీ, బోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నడిచే సర్వర్ కీని నెట్‌వర్క్ మీద నుంచే లాగారు. ఇంటర్నెట్ దూరంలో అంత చిన్న తేడా కలిసిపోతుందిలే అని మన టీముల్లో ఇప్పటికీ అంటుంటారు. 2020లో ఆ ధీమా కూడా పోయింది. రెండు రిక్వెస్టులను ఒకే ప్యాకెట్‌లో పంపి, ఏ జవాబు ముందు వచ్చిందో చూస్తే చాలని పరిశోధకులు నిరూపించారు. దారిలో జరిగే ఆలస్యం రెండింటికీ ఒకటే కాబట్టి 100 నానోసెకండ్ల తేడా కూడా దొరికిపోతుంది.

ఇది బెంగళూరు బాధ్యత అని ఎందుకంటున్నానంటే, ఫోన్‌పే, రేజర్‌పే ప్రధాన కార్యాలయాలు ఇక్కడే ఉన్నాయి. ఆధార్ టెక్నాలజీ సెంటర్ ఇక్కడే ఉంది. ఐఐఐటీ బెంగళూరులో 2018లో మొదలైన మోసిప్ గుర్తింపు వేదికను ఫిలిప్పీన్స్, మొరాకో వంటి దేశాలు తీసుకున్నాయి. ఈ ఊళ్లో ఒకరు తొందరలో రాసిన లైను, ఎక్కడో మన పేరు కూడా తెలియని మనిషి డబ్బుకూ గుర్తింపుకూ కాపలా కాస్తోంది.

పైగా ఇప్పుడు పాత తాళాలన్నీ మార్చే కాలం వచ్చింది. క్వాంటమ్ కంప్యూటర్లకు లొంగని ఎంఎల్-కెమ్ ప్రమాణాన్ని అమెరికా నిస్ట్ సంస్థ 2024 ఆగస్టు 13న ప్రకటించింది. దానికి మూలమైన కైబర్ కోడ్‌లో రహస్య విలువను 3329తో భాగించే ఒక్క లైను వల్ల, కొన్ని ప్రాసెసర్ల మీద ఆ సమయాన్ని కొలిచి కీ రాబట్టవచ్చని అంతకుముందే బయటపడింది. దాన్ని సరిచేశాక 2024లో మరో దెబ్బ తగిలింది. సోర్సులో ఏ ఇఫ్ లేకపోయినా, క్లాంగ్ కంపైలర్ వేగం కోసం తనంతట తానే రహస్యం మీద ఆధారపడే మలుపును (బ్రాంచ్‌ను) పెట్టేసింది. అందుకే సోర్స్ చదివి తృప్తిపడితే లాభం లేదు, కంపైల్ అయిన ఫైలునే పరీక్షించాలి.

సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోవడమూ కుదరదు. ఇన్ఫినియాన్ భద్రతా చిప్పుల లైబ్రరీలోని ఇలాంటి లోపమే 14 ఏళ్ల పాటు, దాదాపు 80 అత్యున్నత స్థాయి మూల్యాంకనాల కంట పడకుండా ఉండి 2024లో వెలుగుచూసింది. ఆ దాడికి పరికరం చేతికి చిక్కాలి, నిజమే. కానీ అన్ని తనిఖీలు దాటుకొని వచ్చిన లోపం అది.

2022లో వెలువడిన ఒక అధ్యయనం కోసం 27 ప్రముఖ క్రిప్టో లైబ్రరీలు రాసే 44 మందిని అడిగితే, ఈ దాడుల సంగతి తమకు తెలుసన్నారు. పరీక్షకు పట్టే శ్రమ ఎక్కువని తరచూ వేరే పనులకే ముందు చోటిస్తున్నామనీ ఒప్పుకున్నారు. నన్ను బాధించేది ఇదే. తెలిసీ వాయిదా వేస్తున్నాం.

కాబట్టి అడుగుతున్నాను. రహస్య విలువ ఇఫ్‌లోకి, అర్రే ఇండెక్సులోకి, భాగహారంలోకి వెళ్తే రివ్యూలో ఆపండి. సంతకాలు పోల్చడానికి పైథాన్, గో, నోడ్, పీహెచ్‌పీ అన్నింటిలోనూ స్థిర సమయంలో పనిచేసే ఫంక్షన్లు సిద్ధంగా ఉన్నాయి, వాటినే వాడండి. సొంత క్రిప్టో రాయకండి. కీని తాకే ప్రతి మాడ్యూల్‌కూ డూడెక్ట్ వంటి ఉచిత పనిముట్టుతో టైమింగ్ పరీక్ష పెట్టి, అది తప్పితే బిల్డ్ కూడా తప్పేలా చేయండి. కంపైలర్ వెర్షన్ మారినప్పుడల్లా మళ్లీ నడపండి.

మేనేజర్లూ, ఆ పరీక్షకు స్ప్రింట్‌లో రోజులు కేటాయించండి. బ్యాంకులూ, కర్ణాటక ప్రభుత్వ శాఖలూ టెండర్లలో ఒక షరతు చేర్చాలి: క్రిప్టో ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్‌తో టైమింగ్ పరీక్ష నివేదిక ఇవ్వాలి, ఏ ప్రాసెసర్ మీద, ఏ కంపైలర్‌తో కొలిచారో అందులో రాయాలి. ఈ విద్య కోసం విదేశాల వైపు చూడనక్కర్లేదు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో దేబ్‌దీప్ ముఖోపాధ్యాయ్, ఐఐటీ మద్రాసులో చెస్టర్ రెబీరో ఏళ్లుగా దీని మీదే పనిచేస్తున్నారు. 2015లో వచ్చిన టైమింగ్ దాడుల పుస్తకానికి ఇద్దరూ సహరచయితలే.

మోసిప్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. శనివారం ఖాళీ దొరికిన నలుగురు కూర్చుని, అందులో రహస్యాలు పోల్చే చోట్లన్నీ చదవండి, కొలవండి. తేడా కనిపిస్తే సోషల్ మీడియాలో పెట్టకుండా ముందు మోసిప్‌ను నడిపేవాళ్లకు, దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు రాయండి. సోమవారం ఆఫీసుకు వెళ్లాక మీ సొంత రిపోలో అదే పని చేయండి.