టీచ్ చేశారా, నేర్పారా?

"మా సార్ లెక్కలు బాగా టీచ్ చేస్తారు" అన్నాడు మా మనుమడు. "మరి నీకు వచ్చాయా?" అంటే "అది వేరే సంగతి తాతయ్యా" అన్నాడు.

ఆంగ్లేయుల ఆ ఒక్క క్రియకు మనకెన్ని మాటలు! చదువు చెబుతాము, ఈత నేర్పుతాము, వేదాంతం బోధిస్తాము, పెంకివానికి బుద్ధి చెబుతాము. 'టీచ్'కు ప్రాచీనాంగ్లంలో 'చూపు' అని అర్థం. చూపినంత మాత్రాన ఎదుటివాడు చూచినట్లు కాదు. మన 'నేర్పు' అట్లు కాదు. అది 'నేర్చు'కు ప్రేరణార్థక రూపం. శిష్యుడు నేర్వనిదే గురువు నేర్పినట్లు కాదు.

ముప్పది యేండ్లు పాఠాలు చెప్పాను. ఎందరికి నేర్పానో లెక్క చెప్పలేను. 'టీచ్ చేశాను' అంటే ఆ లెక్క అడిగేవారుండరు. ఆ మాట మనకంత హాయిగా ఉన్నది అందుకేనేమో!