పాత డెస్క్‌టాప్ అమ్మేసే ముందు ఒక్కసారి ఆడిషన్ ఓపెన్ చేయండి

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, నా పాత కూల్ ఎడిట్ దీంట్లో నడుస్తుందా?" నడుస్తుంది. దాదాపు ఎప్పుడూ నడుస్తుంది. అయితే ఆ ప్రశ్న అడిగేవాళ్లలో సగం మందికి అసలు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, అందులో చేసిన పాత పని. ఆ తేడా తెలియకపోతే ఎంత నష్టమో ఈమధ్య నా కళ్లారా చూశాను.

జగ్గయ్యపేట, నందిగామ.. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ మాకు ఇంకా కృష్ణా జిల్లా మెట్టే.. ఈ చుట్టుపక్కల 2003 నుంచి ఓ పదేళ్లు చిన్న చిన్న రికార్డింగ్ గదులు బాగా నడిచాయి. ఒక గది, గోడలకి గోనెపట్టాలు, ఒక మైకు, ఒక అసెంబుల్డ్ కంప్యూటర్. మైకు ఆటోల్లో వేసే ప్రకటనలు, ఎన్నికలొస్తే అభ్యర్థుల పాటలు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకి భక్తి పాటల సీడీలు. నాదీ అలాంటి గదే. అందరి దగ్గరా ఉన్నది కూల్ ఎడిట్ ప్రో, లేదంటే దాని తర్వాత వచ్చిన ఆడిషన్ 1.5.

తెలియనివాళ్ల కోసం కొంచెం పాత కథ. కూల్ ఎడిట్ చేసింది అమెరికాలోని అరిజోనాలో సింట్రిలియం అనే చిన్న కంపెనీ. 2003లో అడోబీ దాన్ని కోటీ 65 లక్షల డాలర్లకి కొనేసి ఆడిషన్ అని పేరు మార్చింది. 2004లో 1.5, 2007లో 3.0 వచ్చాయి. 2011లో సీఎస్5.5 పేరుతో మొత్తం మళ్లీ మొదటి నుంచి రాశారు. మాక్‌లో కూడా నడవాలని చేసిన పని అది, తప్పు పట్టను. కానీ మనలాంటి వాళ్లకి తలుపు మూసుకుంది అక్కడే. పాత ఆడిషన్‌లో సేవ్ చేసిన ఎస్‌ఈఎస్ సెషన్ ఫైల్‌ని ఈ కొత్త ఆడిషన్ నేరుగా తెరవదు. ముందు 3.0లో ఓపెన్ చేసి, ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, అప్పుడు తెచ్చుకోవాలి. అంటే కొత్త దాంట్లోకి రావాలన్నా పాతది నడిచి తీరాలి.

ఇక అసలు సంగతి. నందిగామలో మైక్‌సెట్ నడిపే తమ్ముడు ఒకడు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నగారు తిరుపతమ్మ పాటలు పాడేవారు. 2006లో వాళ్ల గదిలోనే ఎనిమిది పాటలు రికార్డ్ చేసి సీడీ వేశారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకానికి ఆ పాటల్లో నాన్న గొంతు ఒక్కటే, వాయిద్యాలు లేకుండా, ఇంట్లో వినిపించాలని వీడి కోరిక. సీడీలో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. గొంతు విడిగా ఉన్నది సెషన్‌లోనే. పాత డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ కాలిపోయింది. కొత్త ల్యాప్‌టాప్ విండోస్ 11. "సాఫ్ట్‌వేర్ ఎక్కట్లేదన్నా" అన్నాడు.

ఇలాంటి చోట ఇంటర్నెట్ ఇచ్చే సలహా ఒకటే: ఇంకా ఆ ముసలి సాఫ్ట్‌వేర్ ఎందుకు, ఆడాసిటీ ఫ్రీ కదా, అది వాడుకో. ఆడాసిటీ మంచిదే, కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా నేనూ అదే చెప్తాను. కానీ అది ఎస్‌ఈఎస్ ఫైల్ తెరవదు. "మరి వేవ్ ఫైల్స్ ఉన్నాయిగా, అవి తెరుచుకోవచ్చుగా" అంటారు. ఆ తమ్ముడి ఫోల్డర్ చూస్తే మీకే అర్థమయ్యేది. పెద్దాయన ఒక్క టేకులో పాడలేదు. ఒక్కో పాటకి గొంతు ముప్పై నలభై ముక్కలు. ఆడిషన్‌లో రికార్డ్ బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త వేవ్ ఫైల్ పుడుతుంది, ట్రాక్ నంబర్, వరస నంబర్ పేరుగా పెట్టుకుని. వాటిలో ఏ ముక్క ఉంచారు, ఏది తీసేశారు, ఉంచినది పాటలో ఎన్నో సెకనులో మొదలవుతుంది.. ఇదంతా రాసి ఉండేది సెషన్ ఫైల్‌లో మాత్రమే. ఆ ఫైల్ సైజు ఎంతో కాదు. అది పోతే మిగిలేది చిల్లర ముక్కల బస్తా.

సరే, ఎక్కకపోవడానికి కారణం ఏంటి? విండోస్ 11 అనుకున్నాడు వాడు. కాదు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు నడవడానికి మైక్రోసాఫ్ట్ ఒక పొర ఇస్తూనే ఉంది, విండోస్ 11లో కూడా ఉంది. నడవనిది 16 బిట్ సరుకు, అది 1990ల నాటిది. (మాక్ వాడేవాళ్ల పరిస్థితి వేరు. 2019లో వచ్చిన కాటలీనాతో ఆపిల్ 32 బిట్ యాప్‌లని మొత్తానికే ఆపేసింది.) వాడి దగ్గర అడ్డం పడింది డిఫెండర్. ఎందుకంటే వాడి దగ్గరున్నది క్రాక్ కాపీ. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటమే గానీ, ఆ రోజుల్లో మా దగ్గర చాలా గదుల్లో ఉన్నది దొంగ డిస్కే. ఎక్స్‌పీ పట్టించుకునేది కాదు. ఇప్పటి విండోస్ క్రాక్ ఫైల్‌ని చూడగానే లాక్కెళ్లి క్వారంటైన్‌లో పెడుతుంది. మనకి కనిపించేది "ప్రోగ్రాం ఓపెన్ అవ్వట్లేదు" అని మాత్రమే.

యూట్యూబ్‌లో చూసి డిఫెండర్ ఆఫ్ చేయబోయాడు. అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంక్ లాగిన్ ఉంది! ఇరవై ఏళ్ల నాటి పాట కోసం బీరువా తాళం తీసి రోడ్డు మీద పెడతామా? దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. 2013 జనవరిలో అడోబీ పాత యాక్టివేషన్ సర్వర్ ఆపేస్తూ, సీఎస్2తో పాటు ఆడిషన్ 3.0కి కూడా యాక్టివేషన్ అక్కర్లేని కాపీ, సీరియల్ నంబర్ పెట్టింది. ప్రపంచమంతా ఫ్రీ అనుకుని ఎగబడింది. అది డబ్బు పెట్టి కొన్నవాళ్ల కోసమేనని కంపెనీ చెప్పినా ఎవరు విన్నారు. ఆ పేరుతో ఇప్పుడు ఎక్కడెక్కడో దొరికే ఫైళ్లలో ఏం కలిపారో ఎవరికీ గ్యారంటీ లేదు.

నా అదృష్టం, 2005లో హైదరాబాద్‌లో స్టూడియో మూసేస్తున్న ఒకాయన దగ్గర ఆడిషన్ 1.5 ఒరిజినల్ డబ్బా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ డబ్బా ఎందుకు దాచావంటుంది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేశాను. సీరియల్ నంబర్ అడిగింది, ఊరుకుంది. అక్షరాలు చీమతలకాయల్లా కనిపిస్తే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో హై డీపీఐ సెట్టింగ్ మార్చాను. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ అయ్యేలా టిక్ పెట్టాను. అంతే, ఓపెన్ అయింది.

వాడు బస్సెక్కి పాత హార్డ్ డిస్క్ పట్టుకుని జగ్గయ్యపేట వచ్చాడు. ఐడీఈ డిస్క్ కాబట్టి కన్వర్టర్ కేబుల్ పెట్టి, ముందు మొత్తం నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాం. అంత పాత డిస్క్ మీద నేరుగా పని చేయడం ప్రమాదం.

సెషన్ ఓపెన్ చేస్తే మళ్లీ గొడవ. "ఫైల్ దొరకలేదు, ఎక్కడుందో చూపించు." ఎందుకంటే సెషన్‌లో రాసున్న చిరునామా డి డ్రైవ్‌ది, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది సి ఒక్కటే. చేత్తో చూపించవచ్చు, కానీ ఎనిమిది పాటల ఫోల్డర్లలోనూ ముక్కల పేర్లు ఒకటే! మూడో పాట ముక్కని అయిదో పాటలో చూపించినా ఆడిషన్ కిక్కురుమనదు, అతికించేస్తుంది. ఒకసారి అలాగే జరిగింది కూడా. పల్లవి మధ్యలో ఇంకో పాట చరణం.

దీనికి విండోస్‌లో డాస్ రోజుల నుంచి ఒక కమాండ్ ఉంది. పేరు సబ్‌స్ట్: ఎస్, యూ, బీ, ఎస్, టీ. ఒక ఫోల్డర్‌ని డ్రైవ్‌లా నమ్మించడం దాని పని. కమాండ్ ప్రాంప్ట్‌లో సబ్‌స్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి డి కోలన్, మళ్లీ ఖాళీ వదిలి మీ ఫోల్డర్ చిరునామా ఇస్తే సరిపోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, నాకు గంటన్నర తినేసింది. ఆడిషన్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే, మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో చేసిన డి డ్రైవ్ దానికి కనిపించదు. ఎక్స్‌ప్లోరర్‌లో కనిపిస్తుంది, మనకి కనిపిస్తుంది, ఆడిషన్‌కి మాత్రం లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని కూడా అడ్మినిస్ట్రేటర్‌గానే ఓపెన్ చేసి అదే కమాండ్ ఇవ్వాలి. రీస్టార్ట్ చేస్తే పోతుంది, మళ్లీ ఇచ్చుకోవాలి.

అప్పుడు వచ్చాయి. ఎనిమిది సెషన్లూ, ముక్కలన్నీ తమ తమ స్థానాల్లో.

ఇప్పుడు నా అభిప్రాయం. పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త విండోస్‌లో రోజువారీ పనికి ఈడ్చుకురావడం నాకు నచ్చదు. నేనూ కొన్నాళ్లు చేశాను. పాత పీసీఐ సౌండ్ కార్డ్ ల్యాప్‌టాప్‌లో పట్టదు. 1.5లో ఏసియో సపోర్ట్ లేదు, వింటూ పాడుతుంటే గొంతు వెనకబడుతుంది. రికార్డింగ్‌లో గీత కదలక, మైకు పాడైందనుకుని కేబుల్స్ అన్నీ మార్చేవాళ్లని చూశాను. విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ యాప్‌లకి మైక్రోఫోన్ అనుమతి ఆఫ్‌లో ఉండటమే కారణం. పాత ప్రోగ్రాంకి అలాంటి అనుమతి ఒకటుంటుందని తెలియదు, అది నిశ్శబ్దాన్నే శ్రద్ధగా రికార్డ్ చేస్తుంది. కొత్త పనికి కొత్తది నేర్చుకోండి, వారం పట్టదు.

పాతదాన్ని మాత్రం ఒక్క పనికి బతికించండి. సెషన్ తెరిచి, ఒక్కో ట్రాక్‌నీ సోలో పెట్టి, సున్నా సెకను నుంచి చివరిదాకా ఒకే వేవ్ ఫైల్‌గా మిక్స్ డౌన్ చేయండి. గొంతు ఒకటి, హార్మోనియం ఒకటి, డోలక్ ఒకటి. అన్నీ సున్నా నుంచే మొదలవుతాయి కాబట్టి రేపు ఏ సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన పెట్టినా తాళం తప్పవు. ఎఫెక్ట్స్ తీసేసిన కాపీ కూడా ఒకటి ఉంచుకోండి, ఆనాటి రివర్బ్ మోజు ఇప్పుడు వింటే సిగ్గేస్తుంది.

ఇంత తొందర ఎందుకంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. టీపీఎం 2.0 లేని, ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లున్న మెషీన్లు విండోస్ 11 లిస్టులో లేవు. మన గదుల్లోని డెస్క్‌టాప్‌లు ఎక్కువ అవే. అందరూ వాటిని పాతసామాన్ల బండికి వేసేస్తున్నారు. సెషన్లు కూడా వాటితోనే పోతున్నాయి. మీ డెస్క్‌టాప్ ఇంకా ఆన్ అవుతుంటే పని అందులోనే ముగించండి. పైన నేను పడ్డ తిప్పలు ఒక్కటీ మీకు ఉండవు.

ఆ రోజు మొదటి పాట గొంతు ఒక్కటే సోలో పెట్టి ప్లే చేశాం. సీడీలో డోలక్ కింద పడిపోయి వినిపించనిది ఒకటి ఇక్కడ బయటపడింది. రెండో చరణం అయ్యాక పెద్దాయన మైకు ముందే నెమ్మదిగా "ఒరేయ్, కరెంటు ఉందా పోయిందా?" అని అడుగుతారు. వెనక నుంచి ఒక కుర్రగొంతు "ఉంది నాన్నా, పాడు" అంటుంది. దాన్ని కట్ చేయమంటావా అని అడిగాను. వద్దన్నాడు. రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసుకుని సాయంత్రం బస్సుకి నందిగామ వెళ్లిపోయాడు.